ఆకలి మార్పిడి

"ఆపరేషన్ తరువాత మీరు చేరదలచుకున్న బరువు" అన్న గడిలో సత్యవేణి యాభై అయిదు అని రాసి, పెన్నుకి మూత పెట్టేసింది. ప్రయోగశాల గదిలో ఎదురుగా కూర్చున్న డాక్టర్ జకియా ఆ మూత మళ్ళీ తీసి, యాభై అయిదు మీద అడ్డంగా గీత కొట్టింది.

"అదేంటండీ, కొట్టేసేరు?"

"ఇది మీ పెళ్ళినాటి బరువు కదూ?"

సత్యవేణి నాలుక కరుచుకుంది. పెళ్ళినాటిదే.

"ఇప్పుడు మీరు నూట ఇరవై ఎనిమిది కిలోలు. ఆపరేషన్ బాగా జరిగి, చెప్పినట్టు నడుచుకుంటే ఏడాదిన్నరకి ఎనభై రెండుకో ఎనభై అయిదుకో వస్తారు. అంతకంటే ఎక్కువ ఆశ పెడితే నేను అబద్ధమాడినట్టే. ఆకలి కూడా పూర్తిగా పోదు. తగ్గుతుంది, రెండో ఏడు కొంత తిరిగొస్తుంది. అంకె సంగతి తరువాత చూద్దాం గానీ, తగ్గి ఏ పని చేసుకోవాలనుకుంటున్నారో చెప్పండి."

జగన్నాథపురంలో ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్న మనిషి సత్యవేణి. గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి నడుము ఎన్ని అంగుళాలో టేపు తియ్యకుండా చెప్పగలదు. అలాంటిది, ఈ ప్రశ్నకి మాత్రం ఆమె దగ్గర కొలత లేదు. ఏం పని? అందరిలా కనబడాలి, అంతే. అది పైకి అనడానికి సిగ్గేసింది.

పక్క కుర్చీలో ఆమె భర్త వీర్రాజు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కాలేజీ బస్సు డ్రైవరు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. తిండి దగ్గర కూడా అంతే. పెట్టింది సగం తిని లేచిపోతాడు.

"ముందు ఆపరేషన్ దాకా రావాలి కదా" అంది డాక్టర్. "మీ లివర్‌కి కొవ్వు పట్టి కడుపు మీద పరుచుకుని ఉంది. నా కత్తి దాని కిందికి వెళ్ళాలి. మూడు వారాల్లో పది కిలోలు తగ్గితే అది ముడుచుకుని దారిస్తుంది. లేకపోతే కడుపు కోసి, మళ్ళీ కుట్టేసి పంపించాలి. రెండుసార్లు పథ్యం మొదలుపెట్టారు. మొదటిసారి నాలుగో రోజు, రెండోసారి ఆరో రోజు గాడి తప్పారు."

"నోరు కట్టుకోలేదండి మా ఆవిడ" అన్నాడు వీర్రాజు నవ్వుతూ. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, చుట్టాలింట్లో ఆయన ఈ మాట అనని రోజు లేదు. సత్యవేణి కూడా నవ్వేది. ఇవాళ నవ్వలేకపోయింది.

"ఇది మూడోసారి. ఇదే ఆఖరు" అంది డాక్టర్. "నిద్రలో ఈవిడకి ఊపిరి ఆగిపోతోంది, షుగరు మాట వినడం లేదు. ఈసారి తప్పితే ఈ గుండె ఇంకో ఏడాది లాగుతుందని నేను మాటివ్వలేను. అందుకే మిమ్మల్ని ఈ ప్రయోగంలోకి తీసుకున్నాం."

బల్ల మీద రెండు పట్టీలు పెట్టింది. అరచెయ్యంత వెడల్పు, బూడిద రంగు. ప్రయోగశాలలో వాటిని మారుపట్టీలంటారు.

"కడుపు నుంచి మెదడుకి ఆకలి కబురు మోసుకెళ్ళే నరం ఒకటుంది. ఈ పట్టీ ఆవిడ కబురుని దారిలోనే పట్టుకుని మీ పట్టీకి పంపిస్తుంది. మీది ఆవిడకి. ఇరవై ఒక్క రోజులు ఆవిడ ఆకలి మీరు మోస్తారు, మీ ఆకలితో ఆవిడ పథ్యం చేస్తుంది."

"ఆవిడది నొక్కిపెట్టేస్తే సరిపోదాండీ? మధ్యలో నేనెందుకు?"

"నొక్కిపెట్టి చూశాం. వారం తిరిగేసరికి రెట్టింపై తిరగబడింది. ఆ కబురు ఎవరో ఒకరికి చేరితేనే కుదురుగా ఉంటోంది. ఒక్క జాగ్రత్త. ఇరవై ఒక్క రోజులు దాటకూడదు. దాటితే నరానికి ఎవరిది ఎవరిదో గుర్తుండదు. ఆ తరువాత పట్టీ తీసినా ఎవరిది వాళ్ళకి తిరిగి రాదు. మీకు ఆకలేస్తే ఓర్చుకోవాలి, తినకూడదు. రోజూ ఎలా ఉందో పుస్తకంలో రాయాలి. యంత్రానికి ఆకలి తెలుస్తుంది గానీ తిండి తెలియదు. మీ మాట మీదే నడవాలి."

"ఆకలంటే ఏవుందండీ, ఓర్చుకోడవేగా" అంటూ వీర్రాజు చొక్కా పైకెత్తాడు.

డొక్కల కింద పట్టీలు బిగించి తాళం వేశారు. ఆ తాళం ప్రయోగశాలలో తప్ప ఇంకెక్కడా రాదు. డాక్టర్ మీట నొక్కింది.

సత్యవేణికి ముందు ఏమీ తెలియలేదు. తరువాత, ఇంట్లో పొద్దస్తమానం తిరిగే ఫ్యాను ఆగిపోయినట్టు లోపల ఒక చప్పుడు ఆగింది. ఆ చప్పుడు ఉన్నట్టే ఆమెకి అప్పటిదాకా తెలియదు. లేచింది మొదలు పడుకునేదాకా ఏం తిందాం, ఎప్పుడు తిందాం, ఎవరూ చూడకుండా ఎలా తిందాం అని గొణిగే గొంతు అది. అది లేకుండా జనం బతుకుతున్నారా? ఇంత హాయిగా ఉంటారా వీళ్ళంతా? ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ముందు సంతోషం వేసింది, వెంటనే ఒళ్ళు మండింది. ఇలా ఉండేవాళ్ళా తనని నోరు కట్టుకోమని చెప్పింది!

వీర్రాజు మొహం మీద నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం డాక్టర్ బల్ల మీది బిస్కెట్ల పొట్లం మీద వాలి, అక్కడే ఉండిపోయాయి.

*

పథ్యం అంటే పొద్దున్న రెండు గుడ్ల తెల్లసొన, మధ్యాహ్నం పల్చటి పెసరకట్టు, ఉడికించిన ఆనపకాయ ముక్కలు, నాలుగు పూటలా నీళ్ళ మజ్జిగ. రెండుసార్లు సత్యవేణిని ఏడిపించిన తిండే ఇప్పుడు ఆమెకి ఎక్కువనిపించింది. వీర్రాజు ఆకలి మర్యాదస్తుడైన చుట్టంలా ఒంటిగంటకి ఒకసారి తలుపు తట్టేది, ఏదో ఒకటి పెడితే వెళ్ళిపోయేది.

అయిదో రోజుకి మూడు కిలోలు తగ్గింది. ఎనిమిదో రోజుకి అయిదు. ఫోనులో డాక్టర్ గొంతులో కూడా హుషారు వినిపించింది. సత్యవేణి మిషను ముందు కూర్చుని గులాబి రంగు గుడ్డ తీసి తనకోసం ముప్పై ఆరు సైజు జాకెట్టు కత్తిరించింది. ఎవరికి కుట్టినా, ఒళ్ళొస్తే వదులు చేసుకోవడానికి లోపల అంగుళం గుడ్డ వదలడం ఆమె పద్ధతి. దీనికి వదల్లేదు. ఎనభై రెండేమిటి, యాభై అయిదే! డాక్టర్లు భయపెట్టడానికి అలాగే చెబుతారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అన్నాలైన తరువాత సత్యవేణి వీర్రాజు కంచం తియ్యబోయి ఆగిపోయింది.

ఆ ఇంట్లో పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటు ఒకటుంది. ఆయన తిన్న కంచంలోనే ఆమె తినాలి. ఆయన చివర రెండు ముద్దలు కలిపి, చేపల పులుసైతే నడిముక్క పక్కన పెట్టి, ఆమె వంక ఒక చూపు చూసి లేచేవాడు. ముద్దుగానే ఉండేది. తన కడుపు నిండి ఉన్నా ఆమె వాటిని తినేది. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు మానలేదు. పథ్యం మొదలైన తరువాత కూడా ఆయన చెయ్యి ఊరుకోక ఆ రెండు ముద్దలు వదిలేస్తూనే ఉన్నాడు. డాక్టర్ చెప్పినట్టు సత్యవేణి వాటిని వీధికుక్కకి వేస్తోంది.

ఇవాళ కంచంలో మెతుకు లేదు. పులుసు జాడ కూడా లేదు. వేళ్ళతో తుడిచి తుడిచి నాకినట్టుంది.

అలా కంచం నాకడం సత్యవేణికి తెలుసు. ఎలా నాకితే ఎవరికీ తెలియదో కూడా తెలుసు. తిన్నగా వెళ్ళి మిషను సొరుగు లాగింది. దారపుండల వెనక, ఇన్నాళ్ళూ తను దాచుకున్న చోటే, కాజాల పొట్లం కాగితాలు నాలుగు మడతలు పెట్టి ఉన్నాయి. ఆ సొరుగులో తన జంతికలు దొరికిన రోజున వీర్రాజు వీధి వీధంతా వినబడేలా అరిచాడు. వంటింట్లో బియ్యప్పిండి డబ్బా మూత తీసి చూసింది. సగానికి దిగిపోయింది. పచ్చిపిండి!

ఆయన పుస్తకం తెరిచింది. తొమ్మిది రోజులకీ ఒకే చేతిరాత, ఒకే మాట. "బాగానే ఉన్నది."

సాయంత్రం బస్సు షెడ్డులో పెట్టి వచ్చిన మనిషి ముందు ఆ కాగితాలు పరిచింది.

"ఏంటండీ ఇది?"

వీర్రాజు చెప్పులు విప్పడం మానేసి గుమ్మంలోనే కూలబడ్డాడు. మొహం ఉబ్బి ఉంది. చొక్కా గుండీలు పొట్ట దగ్గర లాగుతున్నాయి. ఇన్ని రోజులూ తన నడుము చూసుకుంటున్న ఆమె ఆయన నడుము చూడనే లేదు.

"ఇది ఆకలి కాదే, దెయ్యం" అన్నాడు. "తింటన్నప్పుడు కూడా ఆగట్లేదు. స్టీరింగు పట్టుకుంటే స్టీరింగు తినెయ్యాలనిపిస్తంది."

"డాక్టరుగారికి చెప్పాలి."

"చెబితే ఆపేస్తారు. ఆపేస్తే నీకు మళ్ళీ మొదలు." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అసలు చెప్పొద్దే వేణీ. ఇరవయ్యొకటో రోజు మనం అక్కడికి వెళ్ళొద్దు. ఏ భద్రాచలమో పోయి రెండ్రోజులుండి వచ్చేద్దాం. ఇంక ఇది నాకే ఉండిపోద్ది. నువ్వు ఆ ఆపరేషన్ బల్ల ఎక్కక్కర్లేదు."

ఆయన భయం దేనికో సత్యవేణికి అప్పటికి అర్థమైంది. పదేళ్ళ కిందట ఆయన అన్నని కడుపునొప్పని ఆస్పత్రిలో చేర్చారు. మత్తిచ్చి బల్ల మీద పడుకోబెట్టిన మనిషి మళ్ళీ లేవలేదు. ఆనాటి నుంచి వీర్రాజు ఆస్పత్రి ముందు బస్సు ఆపాల్సివచ్చినా తల అటు తిప్పడు.

"నేను సన్నటోణ్ణి. ఓ ఇరవై కిలోలు పెరిగినా నాకేం కాదు" అన్నాడు.

వద్దండీ, అనాలి. రేపు పొద్దున్నే వెళ్ళి తీయించేసుకుందాం అనాలి. సత్యవేణి నోరు తెరిచింది కూడా. లోపల ఆ నిశ్శబ్దం ఎంత చల్లగా ఉందంటే, దాన్ని వదులుకునే మాట నాలుక దాటి రాలేదు. కాగితాలు తీసి చెత్తబుట్టలో వేసి, "కాళ్ళు కడుక్కుని రండి" అంది. ఆ తరువాత తొమ్మిది రోజులు ఆమె అన్నీ చూసింది, ఏమీ అనలేదు. పిండి డబ్బా తగ్గితే నింపింది. తను చేస్తున్నదేమిటో ఆమెకి బాగా తెలుసు. సిగ్గుతో చచ్చిపోతూనే చేసింది.

*

పద్దెనిమిదో రోజు నాలుగున్నరకి కూతురు చందన ఇంటికి వచ్చింది. అమ్మాయి ఇంటర్ చదువుతోంది, నాన్న బస్సులోనే వెళ్ళివస్తుంది. ఇవాళ ఆటోలో వచ్చింది. మోకాలు చీరుకుపోయి, లంగా మీద రక్తం.

"ఏమైందే?"

"నాన్న..." అని ఆగి, మళ్ళీ గుక్క తిప్పుకుని చెప్పింది. "సామర్లకోట కాలవగట్టు మీద బస్సు పక్కకెళ్ళిపోయింది. ముందు చక్రం గట్టు దిగిపోయింది. తాడిచెట్టు అడ్డమొచ్చి ఆగింది. లేపోతే నీళ్ళల్లోకే."

"పిల్లలు?"

"నలభై మందివీ ఉన్నాం. ఎవరికీ ఏం కాలేదు. శ్రావ్యకి తల మీద బొప్పి కట్టింది. నాన్నకీ ఏం కాలేదు." చందన తల్లి కళ్ళలోకి చూసింది. "నేను నాన్న వెనక సీట్లోనే కూర్చున్నానమ్మా. నాన్న సీటు కింద పునుగుల పొట్లం ఉంది. అది జారిపోతంటే తియ్యడానికి వంగేడు. రోడ్డు వదిలేసి వంగేడు. అరిచాను, వినబళ్ళేదు. నాన్నకేమైందమ్మా? నీకు తెలుసు కదా?"

సత్యవేణి గుడ్డపీలిక తెచ్చి కూతురి మోకాలికి కట్టసాగింది. నలభై మంది పిల్లలు. అందులో ఒకతె తన కడుపున పుట్టింది. వాళ్ళకీ కాలవ నీళ్ళకీ మధ్య ఒక తాడిచెట్టు. ఇదంతా తనకి హాయిగా ఉండడం కోసం.

"తెలుసే" అంది. "నాకు తొమ్మిది రోజుల నుంచీ తెలుసు."

చందన మోకాలు వెనక్కి లాక్కుంది. కూతురు తిట్టినా బాగుండేదనిపించింది సత్యవేణికి.

వీర్రాజు ఆరింటికి వచ్చాడు. ఉద్యోగం నుంచి ఆపేశారని చెప్పాడు. చెబుతూనే చెయ్యి మిషను సొరుగు మీదికి పోయింది. సత్యవేణి ఆ చెయ్యి పట్టుకుంది.

"పదండి. ఆటో గుమ్మంలో ఉంది."

"ఎక్కడికే? ఇంక మూడ్రోజులేగా..."

"అది నాదండీ. నాకిచ్చెయ్యండి."

*

డాక్టర్ జకియా అంతా విని, పుస్తకంలో వరసగా ఉన్న "బాగానే ఉన్నది" మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

"తప్పు నాది కూడా" అంది చివరికి. "మనిషి మాట మీద నడిచే యంత్రం చేశాను. ప్రేమున్నవాళ్ళు అబద్ధమాడతారని అనుకోలేదు."

సత్యవేణిని తూచింది. నూట పంతొమ్మిది. ఇంకొక్క కిలో తగ్గాలి.

"నాలుగో రోజు పొద్దున్నే ఆపరేషన్. ఈ మూడు రోజులు మీ ఆకలితోనే పథ్యం చెయ్యాలి. ఇన్నాళ్ళు దూరంగా ఉండి వస్తోంది కాబట్టి మునుపటికంటే గట్టిగా వేస్తుంది. ఒక్కపూట గాడి తప్పినా లివర్ మళ్ళీ ఉబ్బుతుంది, నేను ఆపరేషన్ చెయ్యను. చెయ్యగలరా?"

"తెలీదండీ" అంది సత్యవేణి. ఈ గదిలో తన గురించి ఆమె చెప్పిన మొదటి నిజం అదేనేమో.

"చేరదలచుకున్న బరువు?"

"మీరన్నదే. ఎనభై రెండో, అయిదో" అంది సత్యవేణి. "మేడ మెట్లు పద్నాలుగున్నాయండి మా ఇంటికి. ఆరేసిన బట్టలు నేనే వెళ్ళి తెచ్చుకోవాలి. మధ్యలో కూర్చోకుండా."

డాక్టర్ ఆ మాట కాగితం మీద రాసుకుని, మీట నొక్కి, తాళాలు తీసింది.

వచ్చింది. సత్యవేణి రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది. కడుపులో మొదలై గొంతు దాకా, అక్కడి నుంచి కణతల దాకా ఎక్కింది. గదిలో ఎక్కడో మూల డబ్బాలో ఉన్న బిస్కెట్ల వాసన కూడా ముక్కుకి కొట్టింది. పద్దెనిమిది రోజుల తరువాత ఆ గొంతు ఆగకుండా మాట్లాడుతోంది. ఇంత పెద్దదాన్ని తను నలభై మూడేళ్ళు మోసిందా! ఏడుపొచ్చింది. ఎదురుగా వీర్రాజు ఒక్కసారిగా తేలికపడి, గాలి పీల్చుకుని, అంతలోనే ఆమె మొహం చూసి తల దించుకున్నాడు.

*

మొదటి రోజు గడిచింది. ఎలా గడిచిందో అడిగితే సత్యవేణి చెప్పలేదు. గులాబి జాకెట్టు కుట్లన్నీ ఊడదీసి, ఆ గుడ్డతో చందనకి చేతిరుమాళ్ళు చేసింది. చేతులకి పని ఉండాలని చేసింది.

రెండో రోజు నాలుగు కావస్తుండగా వీర్రాజు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఉద్యోగం లేదు, ఇంట్లోనే ఉంటున్నాడు.

"లే. అలా సముద్రం దాకా నడుద్దాం."

"ఇప్పుడా?"

"నాలుగింటికి గట్టిది ఒకటొస్తది. నాలుగూ ఇరవై దాకా ఉంటది. ఆ తరవాత కాస్త వదుల్తది. అప్పటిదాకా ఇంట్లో ఉండకు, వంటిల్లు కనబడద్ది."

సత్యవేణి ఆయన వంక చూసింది. తన ఆకలికి వేళలున్నాయని ఆమెకే తెలియదు. అంతా కలగలిసి ఒకటే బరువుగా ఉండేది. ఆయన పద్దెనిమిది రోజులు బస్సు నడుపుతూ గడియారం చూసుకుంటూ మోశాడు.

నాలుగింటికి వచ్చింది. బీచి రోడ్డులో మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న బండి కనబడగానే ఆయన ఆమెని రోడ్డుకి అవతలివైపు మార్చి, తను ఇటువైపు నడిచాడు. "ఇంకో పది నిమిషాలు" అన్నాడు. తరువాత "అయిదు" అన్నాడు. నాలుగూ ఇరవై దాటాక నిజంగానే కాస్త వదిలింది.

మూడో రోజు మధ్యాహ్నం మాత్రం ఆకలి మాట వినలేదు. సత్యవేణి వంటింట్లోకి వెళ్ళింది. పిండి డబ్బా మూత మీద చెయ్యి పెట్టింది. చందన గుమ్మంలో నిలబడి చూస్తోంది, వద్దనడం లేదు, కదలడం లేదు. వీర్రాజు లోపలికి వచ్చి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఇదివరకైతే అరిచేవాడు.

"నేను ఈ డబ్బా ముందు రోజూ ఓడిపోయేను వేణీ" అన్నాడు. "నువ్వు కుదిరితే చెయ్యి తియ్యి. కుదరకపోతే తిను. నేనేం అనను. ఎప్పుడూ అనను."

ఎంతసేపు నిలబడిందో ఆమెకి తెలియదు. చెయ్యి తీసింది. తీసి, మొగుడి పక్కన నేల మీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

నాలుగో రోజు పొద్దున్న ఆస్పత్రిలో తూచారు. నూట పదిహేడూ ముప్పావు. స్కానింగు చూసి డాక్టర్ జకియా "దారిచ్చింది" అంది.

పచ్చగౌను వేసి సత్యవేణిని చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. ముందురోజు సాయంత్రం నుంచి మంచినీళ్ళు కూడా లేవు. వీర్రాజు మంచం పక్కనే నడుస్తున్నాడు. మొహం పాలిపోయి ఉంది, చెమటలు పడుతున్నాయి. అన్న పోయిన తరువాత మళ్ళీ ఆపరేషన్ గది దాకా రావడం ఇదే. మధ్యలో రెండుసార్లు ఆగి గోడ పట్టుకున్నాడు. రెండుసార్లూ మళ్ళీ వచ్చి మంచం అందుకున్నాడు.

తలుపు దగ్గర నర్సు, "ఇంక మీరు ఇక్కడే ఉండాలండి" అంది.

ఆయన గోడ గడియారం వంక చూశాడు. ఏడున్నర. వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టాడు. ధైర్యం చెబుతాడనుకుంది. దేవుణ్ణి తలుచుకోమంటాడనుకుంది.

"వేసింది కదే?" అన్నాడు.

వేసింది. అప్పుడే, ఆయన నోట మాట వచ్చిన క్షణానే, డొక్కల కింద మొదలై పైకి ఎక్కుతోంది.

"వేసిందండీ."

"పొద్దుటిది పెద్దది. నాకు తెలుసు" అన్నాడు వీర్రాజు. "బాగా తెలుసు."

నలభై మూడేళ్ళలో ఆ మాట ఆమెతో అన్న మనిషి ఆయన ఒక్కడే. తలుపులు మూసుకునేదాకా సత్యవేణి ఆయన్నే చూస్తూ ఉంది.